దూలం కింద, పోటు ఎక్కేదాకా

బరువు నేల విడిచింది. పాత బోటు ఇంజను ఒకటి, సిమెంటు పోసి నింపిన డ్రమ్ములు రెండు, ఒకే ఇనుప తాడు ఉచ్చులో బిగించినవి, నా తలకు మూరెడు ఎత్తున వచ్చి ఆగాయి. నేను వాటి కింద నిలబడి ఉన్నాను. మా షెడ్డు రివాజు ఇది. పైన ఇనుప దూలానికి పగులు పడితే దాన్ని వెల్డు చేసినవాడే మొదటి బరువు కింద నిలబడాలి, బోట్లను ఒడ్డెక్కించే వాలు మీద పరిచిన పడౌక్ కర్ర దుంగల్లో రెండోదాన్ని సముద్రపు పోటు తడిపేదాకా. ఎవరు పెట్టారో తెలియదు. నేను ఈ దీవులకు, ఈ జంగ్లీఘాట్‌కి వచ్చేసరికే ఉంది. మంచి రివాజు. కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి పోవడం కంటే ఇది నయం. పని తప్పు చేసినవాడు తన పని కిందే పోతాడు, ఇంకొకడు పోడు. చైను పట్టుకుని అవతల జోగులు నిలబడ్డాడు. నా భార్య తమ్ముడు. బరువు ఎత్తే చైను బ్లాకుకు బ్రేకు దానికదే పడుతుంది, అయినా బరువు దిగేదాకా చెయ్యి చైను మీదే ఉంచాలి, అదీ రివాజే. అతనితో నేను మాట్లాడి ఎనిమిదేళ్ళు. ఒకే షెడ్డు, ఒకే దూలం, ఒకే నీళ్ళ కుండ. చూపుడు వేలు గాల్లో తిప్పితే పైకి. అరచెయ్యి కిందికి ఊపితే కిందికి. పిడికిలి బిగిస్తే ఆగు. ఈ మూడు సైగలతో ఎన్ని బోట్లు ఎత్తామో, ఎన్ని దించామో. నాలుగో మాట అవసరం పడలేదు. పడనివ్వలేదు.

"ఏటి బావా, అలా గుడ్లప్పగించి సూస్తన్నావు? గర్డరుకి దిష్టి తగుల్తాది" అన్నాడు మేస్త్రీ నూకన్న, స్తంభానికి ఆనుకుని, బీడీ చాటున. అతను ఎవరినైనా బావా అంటాడు, ఇనస్పెక్టరును కూడా. కాళమ్మ టీ కేటిలు పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "అన్నా, చాయ్ అక్కడికే తెచ్చీమంటావా?" "దిగినాక" అన్నాను. "దిగినాక తాగడానికి మనిషుండాల గదా, ఇప్పుడే ఇచ్చీయే కాళమ్మా, లేపోతే ఏసిన చీనీ దండగ" అన్నాడు నూకన్న. కాళమ్మ అతన్ని తిట్టింది, హిందీలో సగం, మన మాటలో సగం. ఆమెకు నవ్వు రాలేదు. పగులు మొదట చూసింది ఆమే. వానలు పడకముందు దూలానికి రంగు వేస్తూ నిచ్చెన మీంచి పిలిచింది, ఇక్కడ ఎర్రగా కారుతోంది, ఎంత తుడిచినా మళ్ళీ వస్తోంది అని. తుప్పు అయితే పొరలుగా లేస్తుంది. ఇది సన్నగా గీత గీసినట్టు రంగును చీల్చుకుని కారింది. కిరసనాయిలు పూశాను. గుడ్డతో పొడిగా తుడిచాను. సుద్ద రాసి నిచ్చెన మీదే కూర్చున్నాను. లోపలికి ఇంకిన కిరసనాయిలు ఎక్కడికీ పోదు, పగులు ఎంతదాకా ఉంటే అంతదాకా సుద్ద మీదకు తడిగా తిరిగి వస్తుంది. వచ్చింది. కింది అంచుకు అడ్డంగా సగం దాటి, పైన నిలువు రేకులోకి ఎక్కడానికి దారి వెతుకుతోంది. ఎక్కడ మొదలైందో చూడటానికి కళ్ళద్దాలు అక్కరలేదు. దూలం నడుమ, అడుగున, కొక్కెం. ఊయల కొక్కెం. దాని వెల్డు అంచు నుంచే.

ఆ కొక్కెం జోగులు పెట్టాడు. అప్పుడు నా భార్య గురువమ్మ ఈ షెడ్డులోనే పని చేసేది. బోటు అడుగున పట్టిన గవ్వలు గీకడం, సుత్తితో తుప్పు కొట్టడం, మళ్ళీ తుప్పు పట్టకుండా రెడ్ లెడ్ రంగు పూయడం. చంటిపిల్లను ఇంట్లో వదిలే వీలు లేదు, మాకు ఇక్కడ ముసలివాళ్ళు ఎవరున్నారు, భీమిలి నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్ళం. నేల మీద పడుకోబెడితే ఇనుప రజను, ఎలుకలు, జెర్రులు. నేను మాయాబందరు జెట్టీ పనికి పోయిన వారంలో అక్క అడిగిందని తమ్ముడు దూలం అడుగున కొక్కెం అతికించాడు, చీర కట్టి ఊయల వేశారు. తిరిగి వచ్చి చూస్తే షెడ్డు నడుమ నీలం చీరలో నా కూతురు ఊగుతోంది, పక్కన ఇంజను వేలాడుతోంది. పైడమ్మ అని పేరు. ఇంజను మోతకు నిద్రపోయేది, మోత ఆగితే లేచి ఏడ్చేది. నేను అరిచాను. దూలం కింది అంచు మీద నిప్పు పెట్టకూడదు, బరువు ఎత్తినప్పుడల్లా సాగేది ఆ అంచే, అక్కడ చిన్న వెల్డు పడ్డా అక్కడి నుంచే చీలుతుంది అని. నాకు ఇది బడిలో చెప్పలేదు, మా ఊరి బడిలో ఎక్కాలు చెప్పారు, దెబ్బలు వేశారు. విశాఖ డాక్‌యార్డులో నా గురువు గురునాథం చెప్పాడు, చెంప మీద కొట్టి మరీ చెప్పాడు. జోగులు తల వంచుకుని నిలబడ్డాడు. గురువమ్మ మాత్రం ఊయల ఊపుతూనే, "ఏనుగంత ఇంజన్లు మోస్తాది నీ గర్డరు, నా పిల్లని మొయ్యనేదా? ఏటంత బరువుంటాది, పిడికెడు గుంట" అంది. షెడ్డంతా నవ్వింది. బరువు పిల్లది కాదే అన్నాను. ఎవరూ వినలేదు. రేపు కోసేద్దాం అనుకున్నారు, పిల్ల నడిచాక కోసేద్దాం అనుకున్నారు.

పిల్ల నడవలేదు. రెండో వానాకాలం జ్వరం వచ్చింది, పోయింది. అంతే, దానికి ఎక్కువ మాటలు లేవు. చీర విప్పి ఇంటికి తెచ్చుకుంది గురువమ్మ, కొక్కెం అక్కడే ఉంది. ఇక దాన్ని కోస్తానని ఏ మొగవాడూ గ్రైండరు పట్టుకుని నిచ్చెన ఎక్కలేడు, ఆమె కింద కూర్చుని తుప్పు కొడుతుంటే. విశ్వకర్మ పూజ నాడు అందరూ మిషన్లకు బొట్లు పెట్టి బంతిపూలు కట్టేవారు. ఆమె నిచ్చెన ఎక్కి కొక్కేనికి కనకాంబరం ముక్క చుట్టి దిగేది. బెంగాలీ పూజారి కూడా అటు తిరిగి రెండు అక్షింతలు వేసేవాడు, అది ఏ మిషనో తెలియకపోయినా. అలా ఏళ్ళు. ఓనరు వచ్చి అదేమిటి అని అడిగితే నూకన్న, "లైట్ కే లియే, సాబ్" అనేవాడు. లైటు ఎప్పుడూ లేదు. జాలి పడి వదిలేసిన ముక్క. జాలి ఇనుముకు ఏం చేస్తుందో ఇప్పుడు చూశాను. ఒక్క బరువుకు దూలం విరగదు. ఎత్తితే సాగుతుంది, దించితే ముడుచుకుంటుంది, మర్నాడు మళ్ళీ. ప్రతిసారీ ఏమీ కానట్టే ఉంటుంది. అలిసినట్టు కనపడదు, ఇనుముకు మొహం లేదు గదా. లోపల ఒకచోట వెంట్రుకంత జరుగుతుంది, జరిగింది వెనక్కి రాదు.

వాన మొదలైంది. రేకుల మీద మోతకు పైన ఏ చప్పుడూ వినపడదు, అది మంచిదా చెడ్డదా తెలియదు. నీళ్ళు ఇంకా మొదటి దుంగ దగ్గరే ఉన్నాయి. మెడ ఎత్తి చూస్తే ఇంజను అడుగున నల్లటి నూనె, దాని పైన గొలుసు, గొలుసు పైన దూలం, దూలం మీద నేను వెల్డు చేసిన మచ్చ, చుట్టూ ఉన్న పాత రంగు మధ్య వెండిలా. బాగా చేశాను. ఈ చేతులతో ఇంకోసారి ఇంత బాగా చేయలేను. పగులు చివర దాటి వేలంత దూరంలో బెజ్జం వేశాను, అది ముందుకు పాకకుండా. గుండ్రటి బెజ్జం దగ్గర పగులుకు మొన పోతుంది, ఎటు పోవాలో దానికి తోచదు. తర్వాత రెండు వైపులా దాని పొడుగునా చెక్కుకుంటూ పోయాను, పగులు అనే మాట ఎక్కడా మిగలకుండా. పైపైన వెల్డు పోసి మూసేవాళ్ళున్నారు, కింద పగులు అలాగే ఉంటుంది, పైన నున్నగా ఉంటుంది. వాళ్ళను నేను పక్కన కూర్చోనివ్వను. ఈ దీవుల గాలికి రాడ్లు చెమ్మ పడతాయి, చెమ్మ రాడ్డుతో కాలిస్తే వెల్డు లోపలే మళ్ళీ చిట్లుతుంది. అందుకని మేము రాడ్లను పావురొట్టెల బేకరీలో ఆరబెడతాం, మధ్యాహ్నం రొట్టెలు దించిన తర్వాత పొయ్యి వేడి మిగులుతుంది గదా, ఆ వేడిలో. నాలుగు రోజులు నా చొక్కాకు రొట్టె వాసన. వెల్డు పెట్టేముందు దూలాన్ని గ్యాసు మంటతో వెచ్చబెట్టాలి. ఆ మంట పట్టుకుంది జోగులే, ఇంకెవరికీ అంత నిలకడ చెయ్యి లేదు. నా మొహానికి జానెడు దూరంలో అతని మొహం. వేలు ఊపితే మంట జరిపాడు. పిడికిలి చూపితే ఆపాడు. కొక్కెం కోసిన రోజు మాత్రం మొహం తిప్పుకున్నాడు. అది కింద నేల మీద పడి దొర్లింది, ఎవరో తుక్కు డబ్బాలో వేశారు.

చెక్కుతున్నప్పుడు ఒక పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. తెగిన ముఖం నున్నగా ఉంది. దాని మీద గీతలు, ఆటు పోయినప్పుడు ఇసుక మీద మిగిలే గీతల్లా, ఒకదాని వెనక ఒకటి వంపు తిరిగి. అన్నిటికీ నడుమ ఆ కొక్కెం వెల్డు అంచు, అక్కడే మొదలు. మొదట్లో గీతలు దగ్గరదగ్గరగా, చూపుకు ఆనకుండా. పోను పోను దూరం. మొదట నెమ్మదిగా పాకింది, తర్వాత తొందరపడింది. గురునాథం చూపించేవాడు ఇలాంటివి, చెట్టు మానులో వలయాలు చూపించినట్టు. ఇందులో ఏ గీత ఏ ఏడాదిదో చెప్పేవాడు లేడు. ఒక గీత గురువమ్మ పోయిన ఏడాదిది అయి ఉంటుంది. ఆ వారం కూడా ఇక్కడ బరువులు ఎత్తారు గదా, దించారు గదా. నేను అప్పుడు లేను. కాంప్‌బెల్ బే జెట్టీలో ఉన్నాను, దీవుల చిట్టచివర, అక్కడి నుంచి ఇక్కడికి ఓడ తప్ప దారి లేదు. పోలీసు వైర్‌లెస్‌కు కబురు వచ్చింది, నీ భార్యకు సీరియస్ అని. మర్నాడు ఇంకో కబురు. అందులో సీరియస్ అన్న మాట లేదు. ఓడ ఎక్కాను. సముద్రం లేచింది, కార్ నికోబార్ దగ్గర లంగరు వేసి ఆపేశారు. డెక్కు మీద కొబ్బరి బస్తాల నడుమ కూర్చున్నాను. అందరూ వాంతులు చేసుకుంటున్నారు. నేను తమ్ముడున్నాడు అనుకున్నాను. జోగులున్నాడు, పాడె లేవకుండా ఆపుతాడు, నేను వచ్చేదాకా ఎవర్నీ ముట్టనివ్వడు. ఆ ఒక్క నమ్మకంతో ఓడలో అన్నం కూడా తిన్నాను.

ఇక్కడ హాడో రేవులో దిగేసరికి జోగులు గుండు చేయించుకుని నిలబడి ఉన్నాడు. ఇంకేం చెప్పాలి. "బావా, ఆగలేకపోనాం బావా" అన్నాడు. అందరూ చూస్తున్నారు, కూలీలు, పోలీసులు, ఓడ దిగినవాళ్ళు. "సేపలకి ఐసు దొరికింది, నా పెళ్ళానికి దొరకనేదురా?" అన్నాను. అతనితో నేనన్న చివరి మాట అది. జంగ్లీఘాట్ నిండా చేపల పడవలు, పక్కనే ఐసు ఫ్యాక్టరీ, రోజూ బండ్ల కొద్దీ ఐసు. బదులు వినడానికి నేను ఆగలేదు. ఐసు ఉందో లేదో, ఫ్యాక్టరీ నడిచిందో లేదో తర్వాత ఎవరో ఏదో అన్నారు, నేను లేచి బయటికి పోయాను. క్షమించడం నాకు చేతకాదు. మా నాన్నకూ చేతకాలేదు, వల దొంగిలించాడని సొంత తమ్ముడి పాడె మోయలేదు ఆయన. అందులో సిగ్గుపడేది లేదనుకున్నాను. కానీ అడిగితే క్షమించినట్టే అవుతుంది గదా, అందుకని ఏదీ అడగలేదు. ఏమంది చివరికి. నన్ను పిలిచిందా, పిలవకుండానే పోయిందా. నొప్పి పడిందా. నీళ్ళు ఎవరు పోశారు. ఎటు తల పెట్టారు, ఏ చీర కట్టారు, పువ్వులు దొరికాయా ఆ వానలో. మొగుడికి తెలియాల్సినవి. స్నానం చేయించిన ముసలమ్మ ఆ ఏడాదే పోయింది. ఇంకొకావిడ కొడుకు దగ్గరికి గంగవరం వెళ్ళి మళ్ళీ రాలేదు. కాళమ్మ అప్పటికి ఈ ఊరే రాలేదు, నూకన్న అప్పుడు మాయాబందరు పనిలో ఉన్నాడు. మిగిలింది చైను పట్టుకున్న ఆ ఒక్కడే. అన్నీ అతని దగ్గరే ఉన్నాయి, నా భార్య ఆఖరి రెండు రోజులూ. ఎనిమిదేళ్ళు అతని పక్కనే నిలబడి వేళ్ళు తిప్పాను.

ఇప్పుడు ఈ ఇంజను పడితే అవి అతని దగ్గరే ఉండిపోతాయి. ఈ ఆలోచన ఇంతకు ముందు రాలేదు. చావు భయం కాదు, నా వయసులో దానికి పెద్ద విలువ లేదు, ఇంట్లో నా కోసం ఎసరు పెట్టేవాళ్ళు లేరు. తెలియకుండా పోతాననే. నీళ్ళు మొదటి దుంగ దాటాయి. వాన కాస్త తగ్గింది. అప్పుడు పైన టిక్ మంది. గోరుతో రేకును కొట్టినట్టు, ఒకే ఒక్కసారి. నూకన్న బీడీ నోట్లోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. కాళమ్మ, "హాయ్ రామ్" అని గోడకు ఆనుకుంది. నేను పైకి చూశాను, మచ్చ వైపు చూశాను, ఆ వెలుగులో ఏమీ తెలియదు. ఇనుప తాడు పోగు సర్దుకున్నా అలాగే అంటుంది. గొలుసు లింకు మలుపు తిరిగినా అంటుంది. వెల్డు అడుగున చిట్లినా అచ్చం అలాగే.

"బావా, ఇటొచ్చీ."

జోగులు గొంతు. ముసలి గొంతు అయిపోయింది, నేను ఎప్పుడూ విననట్టు. ఇదే షెడ్డులో అతను నూకన్నతో మాట్లాడగా రోజూ వింటూనే ఉన్నాను, అయినా నా వైపు తిరిగి వచ్చిన మాట వేరు.

"బేగొచ్చీ బావా. నీళ్ళు ఎక్కినా ఎక్కకపోయినా ఒకటే. ఎవడడుగుతాడు."

నేను పిడికిలి ఎత్తాను. ఆగు. అతను చైను వదలలేదు, రెండు చేతులతో పట్టుకున్నాడు, బ్రేకు తెగితే తన చేతుల్తో ఆపేవాడిలా. ఆపలేడు. అది అతనికీ తెలుసు. రేవులో కూడా అతను ఇలాగే నిలబడ్డాడేమో, నేను మొహం చూడలేదు, గుండు చూశాను. రెండో దుంగ దగ్గర నురగ వచ్చి వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది, దుంగ అంచు నల్లబడింది. "హో గయా, అయిపోనాది, దించీ" అన్నాడు నూకన్న, గట్టిగా, అప్పటిదాకా జోకులు వేసిన మనిషి. నేను పక్కకు జరిగి అరచెయ్యి కిందికి ఊపాను. ఇంజను నేలను తాకింది. తాడు వదులైంది. కాళమ్మ గ్లాసు నా చేతిలో పెట్టింది, సగం ఆమె చేతిలోనే ఒలికింది.

పని అయిపోలేదు. నిచ్చెన ఎక్కి మళ్ళీ కిరసనాయిలు పూశాను, తుడిచాను, సుద్ద రాశాను. దిగి కింద నిలబడ్డాను. తడి గీత వస్తే ఈపాటికే రావాలి. జోగులు కూడా వచ్చి నిలబడ్డాడు, నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో, తల ఎత్తి. తెల్లగా ఉంది. తెల్లగానే ఉంది. నూకన్న ఓనరుకు చెప్పడానికి గొడుగు వెతుక్కుంటూ వెళ్ళాడు. కాళమ్మ గ్లాసులు కడుగుతోంది. మేమిద్దరం సుద్ద వైపే చూస్తున్నాం.

"ఏ చీర కట్టారు" అన్నాను.

ఎవరికని అతను అడగలేదు. తల దించి నా వైపు చూశాడు, చేతులకున్న గ్రీజు పంచెకు తుడుచుకున్నాడు.

"పసుపుది బావా. ఎర్రంచుది. అక్కకి ఇష్టం గదా అది."

ఎర్రంచు పసుపు చీర నా ట్రంకు పెట్టెలో ఉంది. ప్రతి ఏడాది వానలు వెనకబడ్డాక తీసి ఎండలో వేస్తాను, మడతల దగ్గర చీకకుండా మార్చి మడుస్తాను. అతను అబద్ధం చెప్పడం లేదు, కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఎన్నాళ్ళుగానో ఈ జవాబు పట్టుకుని తిరిగి ఉంటాడు, ఎప్పుడడుగుతానో అని. తిరిగి తిరిగి దాని రంగు మారిపోయింది. మొదటి నెలలో అడిగి ఉంటే సరైన చీర చెప్పేవాడు. ఇప్పుడది ఈ దీవుల్లో ఎవరికీ తెలియదు.

"ఆ" అన్నాను. "దానికదే ఇష్టం."

అతను ఇంజను మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఐసు గురించి, డాక్టరు గురించి, ఆమె నన్ను ఎన్నిసార్లు అడిగిందో దాని గురించి. నేను నిలబడే విన్నాను. అందులో ఎంత ఆ రోజుదో, ఎంత తర్వాత కూడిందో తేల్చుకోవడానికి నాకు దారి లేదు. అయినా పిడికిలి ఎత్తలేదు.